రాళ్ల సాక్ష్యం విన్న రైతు - జేమ్స్ హట్టన్

భూమి వయసెంత? పద్దెనిమిదవ శతాబ్దపు బ్రిటన్‌లో ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండేది. ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో బైబిల్ వంశావళులను లెక్కగట్టి, క్రీ.పూ. 4004లో సృష్టి జరిగిందని తేల్చాడు. ఆ లెక్కకు లొంగని మనిషి జేమ్స్ హట్టన్. డార్విన్‌ను ఎరగని విద్యార్థి ఉండడు. ఆ డార్విన్‌కు కావలసినంత కాలాన్ని సంపాదించి పెట్టిన ఈ హట్టన్‌ను గురించి నాలుగు మాటలు రాయాలని నా కోరిక.

హట్టన్ 1726లో స్కాట్లండులోని ఎడింబరోలో పుట్టాడు. వర్తకుడైన తండ్రి చిన్నతనంలోనే పోయాడు. 1749లో లైడెన్‌లో వైద్యపట్టా పుచ్చుకొన్నా వైద్యం చేయలేదు. తండ్రి వదిలిన పొలాలకు వెళ్లి పదేళ్లకు పైగా సేద్యం చేశాడు. వానకు మట్టి కొట్టుకుపోయి, ఏళ్లలో పడి సముద్రం చేరడం గమనించాడు. రైతుబిడ్డగా నాకీ సంగతి కొత్త కాదు. గట్టు తెగి పైమట్టి పోతే మా నాయన తల పట్టుకుంటాడు. హట్టన్ ఇంకో ప్రశ్న వేసుకున్నాడు: మట్టి ఇట్లా పోతూనే ఉంటే నేల ఇంకా ఎట్లా మిగిలింది? సముద్రం అడుగున పేరుకున్న మట్టి రాయిగా మారి, భూగర్భంలోని వేడివల్ల మళ్లీ పైకి లేస్తుందని ఆయన జవాబు. 1785లో ఎడింబరో రాయల్ సొసైటీ ముందు ఈ సిద్ధాంతం వినిపించాడు.

చెబితే చాలదు, రుజువు కావాలి గదా! 1788లో గణితాచార్యుడు ప్లేఫేర్, జేమ్స్ హాల్ అనే మిత్రులతో పడవెక్కి సిక్కార్ పాయింట్ అనే సముద్రతీరపు రాతికొన చేరాడు. అక్కడ కింద దాదాపు నిట్టనిలువుగా నిలబడ్డ బూడిదరంగు రాతిపొరలు. వాటి నెత్తిన కాస్త వాలుగా పరచుకున్న ఎర్ర ఇసుకరాయి. అడుగుపొరలు ముందు నీటి అడుగున పేరుకోవాలి, గట్టిపడాలి, లేచి నిలబడాలి, అరగాలి. ఆ తరవాతే పైపొరలు పేరుకోవాలి. ఇదంతా ఆరువేల ఏళ్లలో అయ్యే పనేనా?

ఈ వాదం మతానికి చేటని 1793లో ఐరిష్ రసాయన శాస్త్రజ్ఞుడు కిర్వాన్ ధ్వజమెత్తాడు. నిజానికి హట్టన్ దేవుణ్ణి కాదన్నవాడు కాదు. జబ్బుతో ఉండి కూడా 1795లో రెండు సంపుటాల గ్రంథంతో జవాబిచ్చి, 1797లో కన్నుమూశాడు.

ఆయన రాత కొరుకుడు పడదు. 1802లో ప్లేఫేర్ దాన్ని తేట మాటల్లో విప్పి చెప్పాడు. 1830లో లయల్ ఆ దారినే విస్తరించాడు. లయల్ గ్రంథం మొదటి సంపుటాన్ని వెంటబెట్టుకొనే 1831లో డార్విన్ బీగిల్ ఓడ ఎక్కాడు. భూమికి ఇన్నేళ్లని హట్టన్ అంకె చెప్పలేదు. అది కొలిచే సాధనం అప్పట్లో లేదు. 1956లో పాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని పరీక్షించి సుమారు 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు.

భూమి వయసు వేలల్లోనే అనేవారు ఇప్పటికీ ఉన్నారు. వారిని ఎగతాళి చేస్తే ఒరిగేదేమీ లేదు. మేష్టారు చెప్పారని పరిణామవాదాన్ని అప్పజెప్పే మనకూ, పెద్దలు చెప్పారని అషర్ లెక్క అప్పజెప్పినవారికీ తేడా ఎంత? మిత్రులారా, హట్టన్ తన స్నేహితులకు నన్ను నమ్మండని చెప్పలేదు. పడవలో తీసుకుపోయి రాయి చూపించాడు.