రేడియం కనిపెట్టిన మేరీ చెప్పే పాఠం

పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కల పనికెళ్లే ఆడవాళ్లకి ఇప్పుడు సెల్‌ఫోన్ లేనిదే రోజు గడవదు. పగలంతా జాకెట్లోనో, నడుం దగ్గరో ఉంటుంది. రాత్రయితే తలగడ కిందకి చేరుతుంది. టెక్కలిలో మా బంధువుల వీధిలో టవర్ లేచిన దగ్గర్నుంచీ అక్కడ అందరిదీ ఒకటే బెంగ.. రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందేమోనని. కిడ్నీ జబ్బులతో ఎన్నో ఇళ్లు చితికిపోయిన ఉద్దానంలో ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ అది పెద్దదైతే ఇంకో చేటు ఉంది. క్యాన్సర్‌కి కరెంటు పెట్టించుకోమని డాక్టర్లు చెబితే, అదీ రేడియేషనే కదా అని వెనకాడేవాళ్లని నేను చూశాను. అందుకే మేరీ క్యూరీ గురించి చెప్పాలనిపించింది.

మేరీ 1867లో పోలండ్‌లోని వార్సాలో పుట్టింది. పదేళ్లకే తల్లి క్షయతో పోయింది. ఆడపిల్లలకి అక్కడి యూనివర్సిటీలో చోటు లేదు. అక్కచెల్లెళ్లిద్దరూ ఓ ఒప్పందానికొచ్చారు. మేరీ ఇళ్లలో పిల్లలకి చదువు చెప్పి, ఆ డబ్బుతో అక్క బ్రోన్యాని పారిస్‌లో డాక్టరీ చదివించింది. ఆ తర్వాత అక్క సాయంతో 1891లో తనూ పారిస్ వెళ్లింది. 1895లో పియరీని పెళ్లాడింది.

కారే కప్పు కింద, ఓ పాత షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజాన్ని మరిగించారు ఆ దంపతులు. 1898లో పొలోనియం, రేడియం ఉన్నాయని ప్రకటించారు. రాత్రిళ్లు రేడియం గొట్టాలు చీకట్లో మెరుస్తుంటే చూసి మురిసిపోయేవారట! పియరీ కావాలనే తన చేతికి రేడియం కట్టుకుంటే పుండు పడింది. కండని కాల్చే ఈ కిరణం క్యాన్సర్ గడ్డనీ కాల్చగలదన్న ఆలోచన అలా బలపడింది. రేడియం వైద్యం మొదలైంది. పేటెంట్ తీసుకుంటే కోట్లు వచ్చేవి. వాళ్లు తీసుకోలేదు.

1903లో నోబెల్ వచ్చింది. 1906లో గుర్రపుబండి కింద పడి పియరీ చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన మేరీ, 1911లో రెండో నోబెల్ అందుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్స్‌రే బళ్లతో గాయపడ్డ సైనికుల దగ్గరకెళ్లింది. 1934లో, ఒంట్లో రక్తం తయారవని జబ్బుతో కన్నుమూసింది. ఏళ్ల తరబడి తగిలిన కిరణాలే కారణమన్నారు వైద్యులు. ఆమె నోటు పుస్తకాల్ని ఇప్పటికీ సీసం పెట్టెల్లోనే దాచారు.

మరి మన ఫోనూ అంతేనా? కాదు. రేడియం, ఎక్స్‌రే కిరణాలకి కణంలోని డీఎన్‌ఏని తెంచే బలం ఉంది. ఫోను, టవరు తరంగాలకి ఆ బలం లేదు. అవి మహా అయితే ఒంటిని కాస్త వేడెక్కిస్తాయి. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని క్యాన్సర్‌కి కారణం 'కావచ్చు' అన్న జాబితాలో పెట్టిన మాట నిజమే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 63 అధ్యయనాల్ని పరిశీలించి, 2024లో వెలువరించిన సమీక్షలో ఫోనుకీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనిపించలేదు.

అయినా మనసు పీకుతుంటే స్పీకర్ పెట్టి మాట్లాడండి. సిగ్నల్ అందని చోట ఫోను ఎక్కువ శక్తితో పనిచేస్తుంది, అక్కడ మాటలు తగ్గించండి. రాత్రి ఫోనుని తలగడకి దూరంగా పెట్టండి, నిద్రయినా పడుతుంది. రొమ్ములో గడ్డ తగిలినా, ముట్లుడిగాక రక్తం కనిపించినా మాత్రం టవర్‌ని తిట్టుకుంటూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరకెళ్లండి. కరెంటు పెట్టాలంటే భయపడకండి. మేరీ కొలత తెలియని రోజుల్లో పనిచేసింది. ఇప్పుడు కొలిచి, గడ్డకే గురిపెట్టి ఇస్తారు.