కంచర్ల గోపన్న

కంచర్ల గోపన్న 17వ శతాబ్దానికి చెందిన వాగ్గేయకారుడు, భద్రాచల రామాలయ నిర్మాత. భక్త రామదాసుగా, భద్రాచల రామదాసుగా సుప్రసిద్ధుడు. స్వగ్రామం ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. తల్లిదండ్రులు కామాంబ, లింగన్న. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా వద్ద ఉన్నత పదవులలో ఉండిన అక్కన్న, మాదన్నలు ఇతనికి మేనమామలు.

ఉద్యోగం

మేనమామల ప్రాపకంతో గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నియమితుడయ్యాడు. బొగ్గుగనులకు పేరుగన్న ఇల్లందు మొదలుకొని గోదావరి వరకు ఉన్నది అప్పట్లో దట్టమైన అడవి. శిస్తు వసూలు చేసి గోల్కొండకు పంపడం తహసీల్దారు పని. బకాయి పడిన అధికారులను కొట్టించడం, చెరలో వేయడం ఆ రాజ్యంలో కొత్తేమీ కాదు. కనుక గోపన్నకు పడిన శిక్షను మతద్వేషంగా మాత్రమే చూడడం సరికాదు.

ఆలయ నిర్మాణం

భద్రాచలంలో పోకల దమ్మక్క అనే భక్తురాలు తాటాకు పందిరి కింద పూజిస్తున్న విగ్రహాలకు గుడి కట్టించాలని గోపన్న సంకల్పించాడు. మొదట విరాళాలు సేకరించాడు. అవి చాలకపోవడంతో శిస్తు సొమ్మును నవాబు అనుమతి లేకుండా వాడాడు. ఆ మొత్తం 6 లక్షల వరహాలని ప్రతీతి. వరహా సుమారు 3.4 గ్రాముల బంగారు నాణెం కాబట్టి ఇది దాదాపు 2 టన్నుల బంగారంతో సమానం. ఒక్క పరగణా శిస్తుకు ఇది చాలా పెద్ద మొత్తం. జనశ్రుతిలో ఈ సంఖ్య పెరిగి ఉండవచ్చు.

ఖర్చు వివరాలు గోపన్న కీర్తనలోనే ఉండడం విశేషం. ఇక్ష్వాకు కులతిలకుని సంబోధిస్తూ సాగే కీర్తనలో ప్రాకారానికి, భరతుని పచ్చల పతకానికి, లక్ష్మణుని ముత్యాల పతకానికి, సీతమ్మ చింతాకు పతకానికి తలా 10 వేల వరహాలు, శత్రుఘ్నుని మొలత్రాటికి 10 వేల మొహరీలు అయినట్లు లెక్క చెప్పాడు. గోపుర మంటపాలకు, రాముని కలికితురాయికి మాత్రం ధర చెప్పలేదు. చెప్పినవన్నీ కూడినా 6 లక్షలకు చాలా దూరం. అయినా కట్టడపు ఖర్చును కట్టించినవాడే పాటలో అప్పజెప్పడం అరుదు. దెబ్బలకు ఓర్వలేక దేవుణ్ణి నిందించి, వెంటనే క్షమాపణ కోరడం కూడా ఆ కీర్తనలోనే కనిపిస్తుంది.

ఆ ఆలయాన్ని మలచిన శిల్పుల పేర్లు, వారి కూలి సంగతి ప్రచారంలో ఉన్న కథలలో వినిపించవు. కట్టించినవానికి దక్కిన ప్రతిఫలం చెరసాల.

చెరసాల, విడుదల

గోపన్న 12 సంవత్సరాలు గోల్కొండ కోటలో బందీగా ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. తానీషా పాలన 1672 నుండి 1687 వరకే సాగింది. అందువలన ఉద్యోగం, నిర్మాణం, చెర, విడుదల అన్నీ ఆ 15 ఏళ్ళలో ఇమడడం కష్టమే. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో వచ్చి బాకీ తీర్చి, రసీదు తీసుకొన్నారని కథ. కోటలో రామదాసు బందీఖానాను, గోడపై అతడు చెక్కినవని చెప్పే దేవతామూర్తులను నేటికీ చూపుతారు.

విడుదలైన గోపన్న భద్రాచలంలోనే శేషజీవితం గడిపాడని చెబుతారు. శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషాతో మొదలైందని ప్రతీతి. తరువాతి ప్రభుత్వాలు దానిని కొనసాగించాయి. 2016లో ఇల్లందు, కొత్తగూడెం, పాల్వంచ ప్రాంతాలతో ఏర్పడిన జిల్లాకు భద్రాద్రి కొత్తగూడెం అని పేరు పెట్టారు.