జైల్లో చూసిన దానికే లా చదివిన దుర్గాబాయి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు చెప్పగానే మన ప్రాంతం వారికి గుర్తుకొచ్చేది 1923 నాటి కాకినాడ కాంగ్రెస్ మహాసభ. టిక్కెట్టు లేదని ప్రదర్శన వాకిట్లో జవహర్‌లాల్ నెహ్రూనే నిలిపివేసిన పద్నాలుగేళ్ళ వాలంటీరు ఆమె. ఈ ముచ్చట బడిపిల్లలకు కూడా తెలుసు. ఆమెను న్యాయవాదిని చేసిన రాయవేలూరు జైలు సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే పెళ్ళయింది. పెద్దయ్యాక ఆ బంధం నుంచి తప్పుకొన్నారు. ఇంగ్లీషులో బోధన పెట్టడాన్ని నిరసించి చిన్నతనంలోనే బడి మానేశారు. హిందీ నేర్చుకొని, కాకినాడలో ఆడపిల్లలకు ఉచితంగా నేర్పారు.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని అరెస్టయ్యారు. 1933 లోపల మూడుసార్లు జైలుకు వెళ్ళారు. రాయవేలూరు జైల్లో ఆమె చూసినది స్వాతంత్ర్య సమరంలో వచ్చిన వారిని మాత్రమే కాదు. రకరకాల నేరాల కింద శిక్ష పడిన పల్లెటూరి ఆడవాళ్ళు కూడా అక్కడ ఉన్నారు. వారిలో చాలామందికి అక్షరం ముక్క రాదు. కోర్టులో తాము దేనికి ఒప్పుకొన్నారో, దాని ఫలితమేమిటో కూడా తెలియని వారున్నారు.

నిజానికి అప్పటి చట్టం వారికి ఒక దారి ఉంచింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు ప్రకారం ఖైదీ తన అప్పీలు అర్జీని జైలు అధికారికిస్తే చాలు, ఆయనే కోర్టుకు పంపాలి. ప్లీడరు ఉండి తీరాలనే నిబంధన లేదు. కాని అలాంటి వీలు ఉందని ఎవరో ఒకరు చెప్పాలి. అర్జీ రాసిపెట్టాలి. అదీ గడువు దాటకముందే జరగాలి. చదువురాని ఖైదీకి ఈ సంగతి తెలిసే మార్గాలు ఎన్ని? కాపలా వార్డరు, పక్కనున్న తోటి ఖైదీ. ఆ తోటి ఖైదీకీ చదువు లేకపోతే అంతే సంగతులు. ఇలాంటి వారి తరఫున ఉచితంగా వాదించాలంటే తాను లా చదవాలని దుర్గాబాయి జైల్లోనే నిశ్చయించుకున్నారు.

మదురై జైల్లో ఆమెను ఒంటరి కొట్లో ఉంచారు. ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. విడుదలయ్యాక రాజకీయాలను పక్కనబెట్టి పుస్తకాలు పట్టారు. బడి మానేసిన మనిషి ఇరవై దాటిన వయసులో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం మాటలు కాదు. బెనారస్ మెట్రిక్యులేషన్, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్, చివరకు మద్రాసులో లా. ఏ ఇంగ్లీషును కాదని బడి వదిలారో, ఆ ఇంగ్లీషులోనే న్యాయశాస్త్రం చదవాల్సి వచ్చింది! 1942లో న్యాయవాదిగా నమోదయ్యారు. ఈలోగానే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయించారు.

1946లో రాజ్యాంగసభ సభ్యురాలయ్యారు. అరెస్టు చేసిన వ్యక్తికి కారణం చెప్పాలని, ప్లీడరును పెట్టుకోనివ్వాలని 22వ అధికరణంలో రాసినది ఆ సభే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. కుటుంబ తగాదాలకు వేరే కోర్టులుండాలని నెహ్రూకు చెప్పినది కూడా ఆమే. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు. 1981 మే 9న కన్నుమూశారు.

జైలు నుంచే అప్పీలు పంపుకొనే వీలు నేటికీ ఉంది. దానికి తోడు 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి.