సిద్ధేంద్రయోగి: నడియేట మార్చిన యడుగు

నిలుచుట మనుష్యునకు పుట్టుకతో వచ్చిన విద్య యని తలంతుము. అది సరికాదు. నిలుచున్న దేహము అనుక్షణమును కొంచెము ఒఱగుచునే యుండును. కాళ్ళు దానిని మరల సరిదిద్దుచుండును. తడబడకుండుట బలము గాదు, తడబడియు నిలదొక్కుకొనుటయే బలము. దీనికి మన కృష్ణాతీరమున సిద్ధేంద్రయోగి జీవితమును మించిన దృష్టాంతము లేదు.

గుడివాడకు దక్షిణమున, బందరునకు పడమట, దివిసీమకు ఎగువను కూచిపూడి గ్రామమున్నది. సిద్ధేంద్రుడు 17వ శతాబ్దమున నచ్చట వర్ధిల్లినట్లు సంప్రదాయము. తల్లిదండ్రులు లేని బాలుడై, పెద్దల యాదరణమున పెరిగి, ఉడిపి యందు శాస్త్రములు చదివెనని పరంపరగా చెప్పుదురు. బాల్యముననే యాయనకు వివాహమయ్యెను. విద్య ముగిసిన పిమ్మట అత్తవారింటికి బయలుదేరగా కృష్ణ వరదపొంగున నుండెను. బెజవాడ యానకట్ట 1855లో గాని పూర్తి కాలేదు. నాటి నదికి అడ్డు లేదు. పడవ దొరకక ఈదబోయి, నడియేట బలము సన్నగిల్లి, పాదమునకు నేల యందక మునుగసాగెను. అప్పుడు ఆపత్సన్న్యాసమును స్వీకరించెను. ప్రాణము దక్కెను.

ఏటిలో దిగినవాడు గృహస్థు, ఒడ్డెక్కినవాడు సన్న్యాసి. మఱియొకడైనచో బ్రతుకు భగ్నమయ్యెనని చతికిలబడియుండును. సిద్ధేంద్రుడట్లు చేయలేదు. సత్యభామ యలుకను, విరహమును భామాకలాపముగా రచించి, కూచిపూడి బ్రాహ్మణ బాలురను చేరదీసి, అభినయము నేర్పెను. ఆ కుటుంబములలో పుట్టిన ప్రతి బాలుడును ఒక్కమారైనను సత్యభామ వేషము ధరింపవలెనని మాట పుచ్చుకొనెను. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా (1672-1687) వారి నాట్యమునకు మెచ్చి గ్రామమును అగ్రహారముగా నొసగెనని ప్రసిద్ధి.

ఆ గ్రామపు నాట్యవిద్యకు మొదటి పాఠము పదము గాదు, పాదము. మోకాళ్ళు ఇరుప్రక్కలకు వంచి, నడుము నిలువుగా నుంచి, అరమండిలో నిలిచి అడవులు సాధన చేయవలెను. ఇట్లు దేహభారము క్రిందికి దిగును; తొడలు, పిక్కలు గట్టిపడును; ఏ దిక్కునకైనను కదలుటకు కాలు సిద్ధముగా నుండును. తరంగమునందు ఇత్తడి పళ్ళెపు టంచున పాదములుంచి, తల పైని నీటిచెంబు తొణకకుండ ఆడుట ఈ సాధనకు ఫలమే.

దేహము ఒఱగినప్పుడు సరిదిద్దుకొను విధములు మూడు. స్వల్పమైన యూగును చీలమండ సరిచేయును. అది చాలనిచో తుంటి వంగి సరిచేయును. అదియు చాలనప్పుడు పాత తావును విడిచి, వడిగా క్రొత్త యడుగు వేయవలెను. అట్లు వేయలేనివాడే పడును. సిద్ధేంద్రుడు నడియేట వేసినది ఈ మూడవ యడుగే.

ఇది నాట్యకారులకు మాత్రము చెప్పిన మాట గాదు. పూర్వము గట్ల వెంట, మడులలో నడచిన మన కాళ్ళు నేడు కుర్చీలకును, బండ్లకును అలవడినవి. వయసు పైబడినకొలది తొడల కండ కరగును. గడప తట్టుకొన్నంతనే పెద్దలు పడి, తుంటియెముక విఱిగి, మంచము పట్టుచున్నారు. ఎంత భూవసతి యున్నను ఆ మంచము నుండి లేపలేదు. అయినను ముదిమియందును కండ సాధనకు లొంగును. చేతు లానక కుర్చీనుండి దినమునకు పదిమార్లు లేచుట, గోడ చేరువను కొంతసేపు ఒంటికాలిపై నిలుచుట ఎవరికి కష్టము?

1864లో బందరును, 1977లో దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. వేలకొలది జనులు నశించిరి. మిగిలినవారు మరల ఇండ్లు కట్టిరి, మరల నాట్లు వేసిరి. పడిన తావుననే లేచి నిలుచుట యీ సీమకు క్రొత్త గాదు. ఆ విద్యను తన బ్రతుకున చూపి, బాలుర పాదములకు నేర్పిపోయిన సిద్ధేంద్రుని స్మరించుట యన, మన కాళ్ళను మనము మరువకుండుటయే.