చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగు

మోటారుబండి యింజనులో నొక్కబడిన పెట్రోలు ఆవిరిని మండించుటకు చిన్న విద్యుత్తు రవ్వ యొకటి చాలును. కాని యా రవ్వ తగిన క్షణముననే పుట్టవలయును. ముందుగా పుట్టెనా, పైకి వచ్చుచున్న పిస్టనును మంట యెదురుకొట్టి యింజను టకటక మ్రోగును. ఆలస్యమాయెనా, బలము తగ్గి వేడి హెచ్చును. ఈ రవ్వను వేళకు పుట్టించుటకు 20వ శతాబ్దమున మోటారుబండ్లలో మిక్కిలి వ్యాపించిన యేర్పాటునకు మూలపురుషుడు కెటరింగు.

ఈతడు 1876 ఆగస్టు 29వ తేదీన, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, లౌడన్‌విల్ చెంత నొక సేద్యగాని యింట జన్మించెను. బుద్ధి చురుకైనదే గాని కన్నులు బలహీనములు; కొంతసేపు చదువగానే తలనొప్పి పట్టుకొనుచుండెను. కొన్నాళ్లు బడిపంతులుగా పనిచేసి, పిదప ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను. కన్నులు సహకరింపక నడుమనే చదువు మానవలసివచ్చెను. ఊరక యింట గూర్చుండక టెలిఫోను స్తంభములు పాతి తీగలు లాగు ముఠాతో పోయి, విద్యుత్తును పుస్తకములతో గాక చేతులతో నేర్చుకొనెను. మరల కళాశాలకు వచ్చినప్పుడు సహవాసులు పాఠములు బిగ్గరగా చదువుచుండ నీతడు విని గ్రహించెడివాడు. 1904లో పట్టము చేత బట్టుకొనునాటికి ఈతనికి 27 ఏండ్లు. తరగతిలో వెనుకబడితిమని బెంగటిల్లు బాలురు ఈ సంఖ్యను గమనింతురు గాక!

డేటన్ నగరమున నేషనల్ క్యాష్ రిజిస్టరు కంపెనీలో ఉద్యోగము దొరకెను. అంగళ్లలో సొమ్ము లెక్కకట్టి సొరుగు తెరచు యంత్రములను ఆ కంపెనీ తయారుచేయుచుండెను. వాటిని చేతితో త్రిప్పుట మాన్పి విద్యుత్తుతో నడుపవలెనని కెటరింగు యత్నించెను. మోటారు ఎల్లప్పుడును తిరుగ నక్కరలేదు, క్షణకాలము తిరిగిన చాలును. కాబట్టి చిన్న మోటారుమీదనే పెద్ద భారము మోపవచ్చునని యీతడు కనిపెట్టెను. ఈ చిన్న యెరుక పిమ్మట పెద్ద ఫలమునిచ్చెను.

ఆ కంపెనీలోనే పెద్ద పదవిలోనుండిన ఎడ్వర్డ్ డీడ్స్ యీతని మిత్రుడు. డీడ్స్ యింటి వెనుక కొట్టమొకటి గలదు. పగటి యుద్యోగము ముగియగానే కెటరింగును మరికొందరు పనివారును అచ్చట చేరి రాత్రి ప్రొద్దుపోవువరకు మోటారుబండి రవ్వను గూర్చి పాటుపడిరి. అప్పటి బండ్లలో బ్యాటరీతో పనిచేయు తీగచుట్టలు ఒక్క రవ్వకు మారుగా రవ్వల జల్లు కురిపించి బ్యాటరీని త్వరగా హరించుచుండెను. కెటరింగు ఒక్కొక్క పేలుడునకు ఒక్కటే బలమైన రవ్వ పుట్టునట్లు చేసెను. 1909లో క్యాడిలాక్ కంపెనీ యధిపతి హెన్రీ లేలండు ఇట్టి పరికరములు 8,000 కావలెనని కోరెను. ఇంటిలో భార్య, నెలనెలా జీతము. వానిని నమ్ముకొనుటయా, కొట్టమును నమ్ముకొనుటయా? కెటరింగు ఉద్యోగమును వదలెను. వారు స్థాపించిన కంపెనీయే డెల్కో.

ఈ పద్ధతి యెట్లు పనిచేయునో కొంచెము విప్పి చెప్పెదను. బ్యాటరీనుండి విద్యుత్తు లావుతీగ చుట్టలో ప్రవహించి అయస్కాంతశక్తిని పుట్టించును. పాయింట్లు అను రెండు చిన్న లోహపుముక్కలు విడిపోవగానే ఆ ప్రవాహము తెగి, అయస్కాంతశక్తి హఠాత్తుగా కూలి, ప్రక్కనున్న సన్నతీగ చుట్టలో వేలకొలది వోల్టుల విద్యుత్తు పుట్టును. దానిని డిస్ట్రిబ్యూటరులో తిరుగుచున్న రోటరు వంతులవారీగా ఒక్కొక్క ప్లగ్గునకు అందించును. నాలుగు సిలిండర్ల యింజను నిమిషమునకు 3,000 సారులు తిరిగినచో సెకండునకు 100 రవ్వలు కావలయును!

ఆ కాలమున ఇంజనును ముందర హ్యాండిలు పెట్టి త్రిప్పవలసియుండెను. రవ్వను ఆలస్యపుస్థితిలో నుంచుట మరచినచో హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విరుగగొట్టెడిది. పైని చెప్పిన క్షణకాలపు మోటారు ఇచ్చట పనికివచ్చెను. 1912 నాటి క్యాడిలాక్ బండ్లు విద్యుత్తుతోనే కదలసాగెను. హ్యాండిలు త్రిప్పలేని స్త్రీలకును వృద్ధులకును బండి నడుపుట సులువయ్యెను.

1920 మొదలు 1947 వరకు ఈతడు జనరల్ మోటార్స్ పరిశోధనశాలకు పెద్దగా నుండెను. ఇచ్చట నొక చేదుమాట చెప్పక తీరదు. ఇంజను మ్రోతను మాన్పుటకై ఈతని సహచరుడు థామస్ మిడ్గ్లీ 1921లో పెట్రోలున సీసము కలుపు నుపాయము కనిపెట్టెను. సీసము విషమని తెలియనిది కాదు. 1924లో న్యూజెర్సీలోని యొక కర్మాగారమున పనివారు దానివలన మతిచలించి మరణించిరి. అయినను కెటరింగు దానిని వదలలేదు; దానిని అమ్ము కంపెనీకి అధ్యక్షుడుగా నుండెను. భారతదేశమున అట్టి పెట్రోలు 2000లోను, లోకమంతటను 2021లోను బండ్లకు మానిపింపబడెను. న్యూయార్కున 1945లో ఆల్ఫ్రెడ్ స్లోనుతో కలిసి పుట్టకురుపు వ్యాధిపై పరిశోధనాలయము స్థాపించినవాడును ఈతడే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట న్యాయము గాదు.

1958 నవంబరు 25వ తేదీన ఈతడు మరణించెను. తరువాత పాయింట్లకు చెడుకాలము వచ్చెను. అవి కాలి, అరిగి, రవ్వవేళను మెల్లగా తప్పించును గనుక, వాటి స్థానమున అయస్కాంతపు జాడ కనిపెట్టు పరికరమును ట్రాన్సిస్టరును అమర్చసాగిరి. 1962లో ఇంగ్లండున వెలువడిన ఎం.జి.బి. వంటి పాత వేగపుబండ్లను ప్రేమతో కాపాడువారు అనేకులు ఇట్లే మార్చుకొనుచున్నారు. పాయింట్ల సందు కొలుచు పని పోయినది గాని, రవ్వవేళను సరిచేయు పని పోలేదు. తీగచుట్టయు రోటరును కెటరింగు నాటి క్రమముననే యున్నవి. మొదటి ప్లగ్గు తీగకు మెరుపుదీపము తగిలించి, ఇంజను మెల్లగా తిరుగుచుండగా ముందరి చక్రముపై గీతను చూతురు. డిస్ట్రిబ్యూటరును పట్టియుంచు బోల్టును వదులుచేసి, దాని యొడలిని వెంట్రుకవాసి త్రిప్పుదురు. గీత నియమిత స్థానమున నిలువగానే బోల్టు బిగించి, మరల దీపము వేసి చూతురు. ఏలయన బిగించునప్పుడే అది కదలుట తరచు.