మేడం క్యూరీ – మూసిన గది
మగ్గాల పనికోసం సూరత్ చేరిన తెలుగువారు ఎందరో ఉన్నారు. నలుగురైదుగురు కలిసి ఒకే గదిలో ఉంటారు. రాత్రిపూట దోమలకు జడిసి కిటికీలు మూసేస్తారు. మీరూ అలాంటి గదిలోనే ఉంటున్నారా? అయితే ఈ పాఠం మీకు బాగా పనికివస్తుంది.

మేరీ క్యూరీ 1867లో పోలండ్‌లోని వార్సా నగరంలో జన్మించింది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. అందువల్ల రహస్యంగా నడిచే తరగతులకు వెళ్ళింది. ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి, పారిస్‌లో వైద్యం చదివే అక్కకు డబ్బు పంపింది. తాను పారిస్‌లో చదువు మొదలుపెట్టేసరికి 1891 వచ్చింది. అప్పుడామెకు 24వ ఏడు.

1898లో భర్త పియరీతో కలిసి పొలోనియం, రేడియం అనే మూలకాలను కనుగొన్నది. ఒక పాత షెడ్డులో టన్నులకొద్దీ ఖనిజాన్ని మరిగిస్తూ, తన ఎత్తున్న ఇనుప కడ్డీతో కలిపేది. దాదాపు నాలుగేళ్ళ శ్రమకు దక్కిన రేడియం లవణం గ్రాములో పదోవంతు మాత్రమే! చీకట్లో ఆ సీసాలు మెరుస్తుంటే భార్యాభర్తలు చూసి మురిసిపోయేవారు. 1903లోనూ, 1911లోనూ ఆమెకు నోబెల్ బహుమతులు వచ్చాయి. ఈ మధ్యలో, 1906లో, గుర్రపు బండి కింద పడి పియరీ మరణించాడు.

షెడ్డులోని గాలి, బల్లలు, బట్టలు కూడా రేడియోధార్మికతను పొందడం వారు గమనించారు. కారణం, రేడియం నుంచి ఎడతెగక వెలువడే ఒక వాయువు. దానినే ఇప్పుడు రేడాన్ అంటున్నాం. దానికి రంగు లేదు, వాసన లేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మేరీ ఈ వాయువును సన్నని గాజు గొట్టాలలో పట్టి, చికిత్స కోసం ఆసుపత్రులకు పంపింది. అది ఊపిరితో లోపలికి పోతే ఏమవుతుందో అప్పటికి తేలలేదు.

ఇప్పుడు తెలుసు. నేలలోని యురేనియం క్రమంగా మారి రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. అది నేల పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది. ఆరుబయట చెదిరిపోతుంది కాని, మూసిన గదిలో పోగుపడుతుంది. దాని నుంచి పుట్టే రేణువులు ఊపిరితిత్తులలో నిలిచి, ఏళ్ళ తరబడి పీలిస్తే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. బీడీ, సిగరెట్టు తాగేవారికి ఈ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ.

సూరత్‌ది తాపీ నది ఒండ్రునేల. నల్లగొండ వంటి గ్రానైటు నేలల్లో సాధారణంగా యురేనియం ఎక్కువ. కనుక సూరత్ గదికంటే ముందు ఊళ్ళోని ఇంటి సంగతి చూడండి. నేల పగుళ్ళను సిమెంటుతో పూడ్చండి. దోమల బాధ ఉంటే కిటికీకి జాలీ బిగించండి, తలుపు మాత్రం బిగించకండి.

మేరీ 1934లో రక్తానికి సంబంధించిన వ్యాధితో మరణించింది. యుద్ధంలో గాయపడినవారికోసం ఆమె తీసిన ఎక్స్‌రేలే అందుకు ముఖ్య కారణం కావచ్చునని తరువాత భావించారు. ఆమె నోటుపుస్తకాలు నేటికీ పారిస్‌లో సీసపు పెట్టెల్లోనే ఉన్నాయి.