అల్లూరి సీతారామరాజు - పైడిపుట్ట నివాసము

భద్రాచలము దాటిన పిదప గోదావరి పాపికొండల నడుమ దూరి పోలవరము చేరును. ఆ నదికి తూర్పున, భద్రాచలారణ్యముల నుండి చింతపల్లి వరకు వ్యాపించిన కొండసీమకు మన్యమని పేరు. కోయలు, కొండరెడ్లు, బగతలు మొదలగు గిరిజనులకు అది పుట్టినిల్లు. వారి కష్టములను తనవిగా నెంచి ప్రాణములర్పించిన వీరుడు అల్లూరి సీతారామరాజు.

ఆయన 1897 జూలై 4వ తేదీన పాండ్రంగి గ్రామమున జన్మించెను. బాల్యముననే తండ్రిని గోల్పోయెను. 1917లో కృష్ణదేవిపేట చేరి గిరిజనులకు ఆప్తుడయ్యెను. ఆనాటి అటవీ చట్టములు పోడు వ్యవసాయమునకు అడ్డు వచ్చెను. లంబసింగి బాటపనిలో కూలీలకు న్యాయమైన కూలి దొరకకుండెను. రాజు పల్లెపల్లెకు దిరిగి, మద్యము మానుడనియు, తగవులను పంచాయతీలలో దీర్చుకొనుడనియు బోధించెను. ప్రజలాయన మాట వినుట చూచి ప్రభుత్వమునకు శంక కలిగెను.

అధికారులాయనను కొంతకాలము నరసీపట్నమునను, పిదప అడ్డతీగల చెంతనున్న పైడిపుట్టలోను తమ కనుసన్నల నుంచిరి. పైడిపుట్టలో కుటుంబముతో నివసించుటకు వసతులు గూడ గల్పించిరి. అది చెరసాల కాదు. అట్లని స్వేచ్ఛయు గాదు. అనుమతి లేక మన్యమునకు బోరాదు. ఏ న్యాయస్థానమును ఆయనను దోషియని నిర్ణయింపకయే ఈ కట్టడి విధింపబడెను.

ఆయన వ్యవహారములు చూచుచుండిన పోలవరము డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాను దయగలవాడు. తాను నేపాళయాత్రకు బోదలచితినని రాజు ఆయనకు విన్నవించి అనుమతి బడసెను. 1922 జూన్ మాసమున మరల మన్యమున నడుగిడెను. కాని నేపాళమునకు బోలేదు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగెను.

షరతు దాటినచో మరల పైడిపుట్టకు దారి లేదని రాజెరుగును. ఎరిగియే ఆ దారి ద్రొక్కెను. ఫలితము ఘోరమయ్యెను. సైన్యములు మన్యమును ముట్టడించెను. గ్రామములు బాధల పాలయ్యెను. 1924 మే 7వ తేదీన పట్టువడిన రాజును విచారణ లేకుండగనే కొయ్యూరులో కాల్చి చంపిరి. గంటందొర పోరాటములో మరణించెను. మల్లుదొర అండమాను చెరకు బంపబడెను. స్వతంత్ర భారతమున 1952లో ఆయనయే లోక్‌సభకు ఎన్నికయ్యెను.

షరతులతో గూడిన స్వేచ్ఛ నేడును గలదు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టము ప్రకారము, తగిన కేసులలో న్యాయస్థానము దోషిని చెరకు బంపక, మూడేండ్లకు మించని కాలమునకు సత్ప్రవర్తన పత్రము వ్రాయించుకొని విడువవచ్చును. ప్రొబేషను అధికారి పర్యవేక్షణ నేర్పరచినచో, షరతులను దోషికి విడమరచి చెప్పి, ఆజ్ఞాపత్రపు ప్రతి నొకదాని నాతని చేతికీయవలయును. షరతు మీరినచో న్యాయస్థానము విచారణ జరిపి, మొదటి తప్పునకు 50 రూపాయలకు మించని జరిమానా విధింపవచ్చును. లేదా తొలి నేరమునకే శిక్ష విధింపవచ్చును.

పైడిపుట్టకును దీనికిని గల భేదమును గమనింపుడు. అచట దోషనిర్ణయము లేదు. మీరిన పిదప విచారణయు లేదు. పరాయి ప్రభుత్వపు కట్టడిని ధిక్కరించి, దాని మూల్యమును ప్రాణముతో జెల్లించిన రాజు మనకు పూజ్యుడు. న్యాయస్థానము దయతో నొసగిన స్వేచ్ఛ వేరు. దాని షరతులను తెలిసికొనక సంతకము చేయుటయు, చేసిన పిదప తేలికగా మీరుటయు వివేకము గాదు. న్యాయమైన షరతు మనిషిని బంధించుటకు గాక, మరల నిలబెట్టుటకే యేర్పడినది.